మోటారుబండి డైనమో: దాని పరీక్షయు, మార్చు విధమును

సేద్యపు పత్రికలో మోటారుబండి ప్రసంగమేల యని కొందఱు సభ్యులు శంకింపవచ్చును. ఇరువదియేండ్ల క్రిందటనైన మేమును అట్లే యనియుందుము. నేడు నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో ట్రాక్టరు లేని పల్లె లేదు. సంఘ సభ్యులలో జీపుగాని కారుగాని కలవారును, దానిని బాడుగకు త్రిప్పి సంసారము గడుపుకొనువారును పలువురు కలరు. ఎద్దు కుంటినచో మనము ముందుగా దాని గిట్టను ఎత్తి చూతుము. బండి కదలనిచో మాత్రము ఏమియు చూడకయే క్రొత్త బ్యాటరీని కొని తెత్తుము. ఈ రెండవ యలవాటువలన మన సభ్యుల సొమ్ము ఎంతయో వృథా యగుచున్నది. సొమ్ము మాట యటుండగా ప్రాణములకే ముప్పు వచ్చుటయు కలదని మాకు స్వానుభవమున తెలిసినందున ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

గడచిన కార్తికమాసమున మేము నలుగురు సభ్యులతో కలసి, వారిలో ఒకరిదగు డీజిలు జీపులో నంద్యాలనుండి శ్రీశైలమునకు బయలుదేరితిమి. బయలుదేరుటలో ఆలస్యమైనది. వెలుగోడు దాటుసరికి డ్రైవరు ఎదుటనున్న అద్దములో బ్యాటరీ బొమ్మగల ఎఱ్ఱదీపము వెలుగుచుండుట చూచితిమి. అడుగగా డ్రైవరు, “అది దినమూ ఎలుగుతానే ఉంటాది సామీ, దాన్ని పట్టించుకోవద్దు” అనెను. జీపు యజమానియు, పదిదినముల క్రిందటనే క్రొత్త బ్యాటరీ వేయించితిమనియు, భయము లేదనియు చెప్పెను. మేము ఊరకుంటిమి. అట్లు ఊరకుండుట మా తప్పు.

ఆత్మకూరు దాటి, బైర్లూటి మీదుగా నల్లమలలో ప్రవేశించునప్పటికి చీకటి పడినది. హెడ్‌లైట్లు వేసిన మొదట బాగుగనే వెలిగినవి. దోర్నాల చేరునప్పటికి వాని వెలుతురు ఆముదపు దీపమువలె పసుపువన్నె తిరిగినది. హారను నొక్కగా బొంగురుగొంతుతో మూలిగినది. శ్రీశైలపు ఘాటురోడ్డు గేటు మూయుటకు ఇంకను వ్యవధి యుండెను. “ఇక 50 కిలోమీటర్లే గదా, మెల్లగా పోదము” అని యజమాని తొందరపడెను. అప్పుడు మేమొక లెక్క వేసి చూపితిమి. ఆ లెక్కను ఇచ్చట చెప్పుట యవసరము.

హెడ్‌లైట్లు రెండును కలసి సుమారు 120 వాట్లు. 12 వోల్టులమీద అది 10 ఆంపియర్లు. వెనుక దీపములు, మీటరు దీపములు, అప్పుడప్పుడు బ్రేకు దీపము, హారను, మంచు పడినచో వైపరు, ఇవన్నియు చేరిన 15 ఆంపియర్లకు తక్కువ గాదు. జీపు బ్యాటరీ 75 ఆంపియర్-గంటలది. నిండుగానున్నప్పుడు లెక్కప్రకారము అయిదుగంటలు రావలెను. కాని దీపములు పసుపుబాఱినవన్న అప్పటికే చాలభాగము ఖర్చయినదని యర్థము. మిగిలినది గంటసేపునకైనను చాలునో చాలదో. ఘాటులో పట్టుకాలము గంటన్నర. ఆ జీపు, ఆపుటకు తీగ లాగెడు పాతకాలపు పంపు గలది. కనుక కరెంటు లేకున్నను ఇంజను ఆగదు, దీపములు మాత్రమే ఆఱిపోవును. పులుల యభయారణ్యము నడుమ, ఒకప్రక్క లోయగల మలుపుమీద, ఎదుటనుండి బస్సు దిగివచ్చుచుండగా దీపములు ఆఱిన బండి నడచుట, ఇంజను ఆగిన బండి నిలిచిపోవుటకంటె ప్రమాదకరము. ఈ మాట చెప్పినమీదట యజమాని మాఱుపలుకక బండిని వెనుకకు త్రిప్పించెను. ఆ రాత్రి దోర్నాలలోనే తలదాచుకొంటిమి.

మఱునాడు చేసిన పనిని చెప్పుటకు ముందు, కరెంటు ఎచ్చట పుట్టి ఎచ్చటికి పోవుచున్నదో తెలిసికొనవలెను. శ్రీశైలము పోయిన మన సభ్యులలో ఆనకట్టను చూడనివారు అరుదు. దాని కుడిగట్టు విద్యుత్కేంద్రమున ఒక్కొక్కటి 110 మెగావాట్ల యంత్రములు ఏడు కలవు. కృష్ణ నీరు పెద్ద గొట్టములగుండ దిగి చక్రమును త్రిప్పును. చక్రముతోగూడ అయస్కాంతము తిరుగును. దాని చుట్టును కదలక నిలిచియున్న రాగితీగల చుట్టలలో విద్యుత్తు పుట్టును. ఇంగ్లండు దేశీయుడగు మైఖేల్ ఫారడే 1831లో కనిపెట్టిన సూత్రమిది. మన బండి డైనమోలో జరుగునదియు ఇదియే. ఇచ్చట నీటికి బదులు ఇంజను బెల్టు పుల్లీని త్రిప్పును. లోపలి అయస్కాంతము ఇనుమునకు తీగచుట్టి చేసినది. దానికి రెండు చిన్న కార్బన్లద్వారా కొంచెము కరెంటు పోయినగాని అయస్కాంతశక్తి రాదు. ఎంత కరెంటు పంపవలెనో నిర్ణయించునది రెగ్యులేటరు.

ఇట్లు పుట్టు కరెంటు క్షణక్షణమును దిక్కు మార్చుకొనునది. అది బ్యాటరీకి పనికిరాదు. కనుక డయోడులను చిన్న ముక్కలు, సాధారణముగా ఆఱు, డైనమో వెనుక అమర్చబడియుండును. బావిమోటారు గొట్టము అడుగున ఫుట్‌వాల్వు నీటిని పైకి పోనిచ్చి క్రిందికి రానీయనట్లు, ఇవి కరెంటును ఒకవైపే పోనిచ్చును. ఫుట్‌వాల్వులో రాయి యిఱికిన నీరు దిగిపోవును గదా. అట్లే ఒక డయోడు చెడిన, రాత్రియంతయు బ్యాటరీలోని కరెంటు డైనమోగుండ జాఱిపోవును. తెల్లవాఱి ఇంజను చల్లగానుండగా డైనమోను చేతితో తాకిచూడుడు. అది మాత్రము గోరువెచ్చగానున్నచో ఈ రోగమేయని అనుమానింపవచ్చును.

దీని సరియైన పేరు ఆల్టర్నేటరు. మన మెకానిక్కులు ఇప్పటికిని డైనమో యనియే పిలుతురు, మేమును ఆ పేరునే వాడుచున్నాము. పూర్వపు నిజమైన డైనమో ఇంజను మెల్లగా తిరుగునప్పుడు దాదాపు ఏమియు ఇచ్చెడిది కాదు. సిలికన్ డయోడులు చౌకయైన తరువాత, 1960లో అమెరికాలో క్రైస్లర్ కంపెనీవారు తమ వాలియంట్ కారునకు ఆల్టర్నేటరు పెట్టిరి. పిమ్మట లోకమంతటను అది వ్యాపించినది. వస్తువు మాఱినను పేరు మాఱలేదు.

ఇక బ్యాటరీ యన నీళ్ల తొట్టి. డైనమో యన తొట్టిని నింపు మోటారు. ఇంజనుకు సెల్ఫు కొట్టునప్పుడు మాత్రము తొట్టినీరు వాడుకొందుము. ఆపైన బండి నడచునంతసేపు ఖర్చంతయు డైనమోయే భరించి, తొట్టిని మఱల నింపవలెను. తొట్టి ఎండినదని మోటారును చూడక క్రొత్త తొట్టి కట్టించు రైతును మేమెచ్చటను చూడలేదు. కాని దినమునకొకరు క్రొత్త బ్యాటరీ కొనుచునే యున్నారు. మంచి బ్యాటరీ నాలుగైదువేల రూపాయలకు తక్కువకు రాదు. అయిదువందల లోపున దొరకు మల్టీమీటరు ఒకటి ఇంటనున్న ఈ నష్టము తప్పును.

మఱునాటి యుదయమున దోర్నాలలోనే అట్టి మీటరు ఒకటి కొంటిమి. దానిని డీసీ 20 వోల్టుల గీటువద్ద పెట్టి, ఎఱ్ఱతీగను బ్యాటరీ ప్లస్సునకును, నల్లతీగను మైనస్సునకును తాకించవలెను. బండి కొన్ని గంటలు నిలిచియున్నపుడు 12.6 చూపిన బ్యాటరీ నిండుగానున్నది. 12.2 చూపిన సగము. 12కు దిగిన దాదాపు ఖాళీ. మా జీపు 11.7 చూపినది. ఇంత మాత్రమున బ్యాటరీ చెడినదనరాదు, ఎండినదని మాత్రమే తెలియును. తరువాత నలుగురము త్రోసి ఇంజనును నడిపించి మఱల చూడగా అదే 11.7. ఇంజను వేగము హెచ్చించినను అంకె కదలలేదు. మంచి డైనమోయైనచో 13.8 మొదలు 14.5 వఱకు చూపవలెను. హెడ్‌లైట్లు వేసినను 13.2 క్రిందికి దిగరాదు. 15 దాటినచో అది వేఱు రోగము. రెగ్యులేటరు చెడి, కరెంటు మితిమీఱి పోవుచున్నదన్నమాట. అట్టిచో బ్యాటరీ నీరు ఉడికి గంధకపు కంపు కొట్టును, బల్బులు మాటిమాటికి మాడును.

ఛార్జి లేదని తెలిసినంతనే డైనమోను విప్పరాదు. ముందు చేయవలసినది బెల్టు చూచుట. ఇంజను ఆపి, బెల్టుయొక్క పొడవైన భాగము నడుమ బొటనవ్రేలితో నొక్కిన సుమారు అరంగుళము దిగవలెను. అంతకంటె వదులైన జాఱును. లైట్లు వేసినపుడు కీచుమను చప్పుడు వచ్చిన బెల్టు జాఱుచున్నదని తెలియునది. లోపలివైపు అద్దమువలె నునుపెక్కినచో ఎంత బిగించినను ప్రయోజనము లేదు, మార్చవలెను. ఇప్పటి కార్లలోని వెడల్పు బెల్టునకు దానంతటదియే బిగించు స్ప్రింగుచక్రము ఉండును. దానికి ఈ వ్రేలిపరీక్ష పనికిరాదు.

రెండవది తీగలు. దీనిని గుఱించి ఆళ్లగడ్డ వైపు జరిగిన సంగతి యొకటి చెప్పెదము. ఒక సభ్యుని ట్రాక్టరు వరిమడిలో దమ్ము చేయుట ముగిసిన నాటినుండి సెల్ఫు తీసికొనకుండెను. ఆయన ఒక బ్యాటరీ మార్చెను, పిమ్మట డైనమోయు మార్చెను. అయినను ఫలము లేదు. మేము పోయి, ఇంజను నడచుచుండగా మీటరు నల్లతీగను బ్యాటరీ మైనస్సుమీదను, ఎఱ్ఱతీగను డైనమో యొంటిమీదను ఉంచితిమి. ఆ రెంటి నడుమ 0.2 వోల్టుకు మించి తేడా యుండరాదు. అచ్చట ఒక వోల్టునకు మించి యుండెను! ఎర్తుతీగ చాసిస్సునకు చేరుచోట బురద యెండి, దానిక్రింద తుప్పుపట్టి యుండెను. బోల్టు విప్పి, ఉప్పుకాగితముతో రుద్ది, మఱల బిగించి, గ్రీసు పూయగా పావుగంటలో పని తీఱినది. తీసివేసిన పాత డైనమో నిక్షేపముగా నుండెను. అట్లే డైనమో వెనుకనున్న లావుతీగ బోల్టునకును బ్యాటరీ ప్లస్సునకును నడుమ కూడ చూడవలెను. అచ్చట 0.3కు మించిన, తీగలోనో మధ్యనున్న లావు ఫ్యూజులోనో దోషము కలదు.

మూడవది ఎఱ్ఱదీపము. తాళముచెవి త్రిప్పి ఇంజను నడపకముందు అది వెలుగవలెను, ఇంజను నడచినంతనే ఆఱవలెను. తాళము త్రిప్పినను వెలుగనిచో బల్బు మాడినదో, తీగ తెగినదో, కార్బన్లు అరిగినవో చూడవలెను. పెక్కు పాతబండ్లలో ఆ బల్బుగుండ పోవు కరెంటే డైనమోను మొదట మేల్కొల్పును. కనుక పది రూపాయల బల్బు మాడినను ఛార్జి రాకపోవచ్చును. ఈ పాతబండ్లకే చెల్లు మఱియొక సులభపరీక్ష కలదు. తాళము త్రిప్పి, ఇంజను నడపక, స్క్రూడ్రైవరు కొనను డైనమో వెనుక బేరింగువద్దకు తేగా అది అంటుకొనవలెను. అంటుకొననిచో లోపల అయస్కాంతము పుట్టుటలేదు. క్రొత్తరకపు కార్లలో కంప్యూటరే ఛార్జిని హెచ్చించి తగ్గించుచుండును. వానిని స్కానరు గల షెడ్డునకు తీసికొనిపోవుట మేలు.

ఇచ్చట ఒక దురాచారమును ఖండింపవలసియున్నది. ఇంజను నడచుచుండగా బ్యాటరీ టెర్మినలు ఊడదీసి, ఇంజను ఆగకున్న డైనమో మంచిదని చెప్పు పద్ధతి రోడ్డుప్రక్క షెడ్లలో నేటికిని కలదు. పాతకాలపు డైనమోలనాడు ఇది చెల్లియుండవచ్చును. ఆల్టర్నేటరునకు ఇది గొడ్డలిపెట్టు. భరించు బ్యాటరీ లేనందున వోల్టులు ఒక్కసారిగా ఎగసి, డయోడులను రెగ్యులేటరును కాల్చివేయగలవు. క్రొత్తబండ్లలో కంప్యూటరునకును ముప్పే. మా జీపు యజమానిని గ్రుచ్చియడుగగా, క్రొత్త బ్యాటరీ వేసిననాడు ఒక మెకానిక్కు ఇట్లే పరీక్షించెనని తెలిసినది. ఎఱ్ఱదీపము వెలుగ నారంభించినది ఆ మఱునాటినుండియేనట. అదియే కారణమని నిశ్చయముగా చెప్పజాలము, మా యనుమానము మాత్రము అదియే.

జీపు బెల్టు సరిగానే యుండెను, తీగలును సరిగానే యుండెను. స్క్రూడ్రైవరు అంటుకొన్నది, అనగా కార్బన్లు మంచివి. డైనమో వెనుకనుండి మాత్రము మాడిన వార్నీషు వాసన వచ్చుచుండెను. కార్బన్లు మాత్రమే అరిగియున్నచో కొద్దిఖర్చుతో అవి మార్చి సరిపుచ్చవచ్చును. బేరింగులు కూడ అట్లే. డయోడుప్లేటును, తీగచుట్టలును కలసి కాలినపుడు మొత్తము మార్చుటయే లాభము. మార్కాపురమునుండి క్రొత్తది తెప్పించితిమి. అది వచ్చులోపల బ్యాటరీని ఒక దుకాణములో ఛార్జింగునకు పెట్టితిమి. ఎండిన బ్యాటరీని నింపు భారమును క్రొత్త డైనమోమీద వేయరాదు, అది వేడెక్కి త్వరగా చెడును.

మార్చు పని ఆఱితేఱిన మెకానిక్కునకు గంటసేపు. శ్రద్ధగల రైతునకు పూటపని. మొట్టమొదట బ్యాటరీ మైనస్సు తీయవలెను. డైనమో వెనుక లావుతీగకు స్విచ్చు లేదు, తాళము తీసినను దానిలో కరెంటు ఉండును. మైనస్సు తీయక పానా పెట్టినవాడు ఒకసారి మెఱుపు చూచి నేర్చుకొనును. పిమ్మట బెల్టు ఏయే పుల్లీలమీదుగా పోవుచున్నదో సెల్‌ఫోనుతో ఫొటో తీయుడు. సాకెట్టును, లావుతీగ నట్టును విప్పి, వాషర్లను వరుస తప్పకుండ దాచుడు. బిగింపుబోల్టు సడలించి బెల్టు తీసి, క్రింది పొడవుబోల్టు లాగునపుడు మాత్రము ఒకచేతితో డైనమోను పట్టుకొనుడు. అది అయిదాఱు కిలోల బరువుండును.

డీజిలు జీపులు గలవారు ఈ మాటను ప్రత్యేకముగా గమనింపవలెను. పెక్కు జీపులలో డైనమో వెనుకనే బ్రేకులకు బలమిచ్చు వ్యాక్యూమ్ పంపు అతికియుండును. దానికి ఇంజను ఆయిలు గొట్టములును, బ్రేకు బూస్టరునకు పోవు రబ్బరు గొట్టమును కలవు. మాదియు అట్టిదే. ఆ రబ్బరు గొట్టమును వదులుగా తొడిగినను, చీలినదానిని మఱల వాడినను, ఛార్జి బాగుగ వచ్చును గాని బ్రేకు కాలిక్రింద రాయివలె గట్టిపడును. ఘాటు దిగునపుడు అది తెలియుటకంటె షెడ్డులో తెలియుట మేలు. బెల్టు తెగినను ఈ పంపు ఆగునని జ్ఞప్తియందుంచుకొనవలెను.

క్రొత్తదానిని పాతదాని ప్రక్కను పెట్టి పోల్చుడు. చెవుల యెడము, పుల్లీ గాళ్ల సంఖ్య, సాకెట్టు ఆకారము, వోల్టులు, ఆంపియర్లు సరిపోవలెను. ఆంపియర్లు పాతదానికంటె తక్కువది, ఎంత చౌకయైనను తీసికొనరాదు. బోల్టులు ముందు చేతితో ఎక్కించి, బెల్టు తొడిగి, గునపముతో డైనమోను వెలుపలికి ఒత్తి బిగించవలెను. ఆ గునపము ముందుభాగపు దిట్టమైన లోహముమీదనే ఆనవలెను, వెనుక పల్చని మూత పగిలిపోవును. లావుతీగమీద రబ్బరు టోపీ తప్పక తొడుగవలెను. బ్యాటరీ మైనస్సు అన్నిటికంటె కడపట.

ఇంత చేసి సెల్ఫు కొట్టగా ఎఱ్ఱదీపము ఆఱినది. మీటరు 14.2 చూపినది, హెడ్‌లైట్లు వేయగా 13.9. ఏసీ గీటున పెట్టి చూడగా అర వోల్టునకు చాల లోపుననే యుండెను. దానికి మించిన డయోడు చెడినట్లు. బ్రేకు నాలుగుమాఱులు త్రొక్కి చూచి, మధ్యాహ్నము ఘాటెక్కి, సాయంకాలమునకు ముందే శ్రీశైలము చేరితిమి. తిరిగివచ్చిన పిదప, కొంచెము సాగిన బెల్టును మఱల బిగించితిమి.

పదిదినముల క్రిందట చెడినదని తీసివేసిన పాత బ్యాటరీ యజమాని యింట పశువుల కొట్టములో పడియుండెను. దానిని 6 ఆంపియర్లతో రాత్రియంతయు ఛార్జి చేయించి, ఒకదినము ఊరకయుంచి కొలువగా 12.6 చూపినది. ఇప్పుడది ఆయన ట్రాక్టరులో పనిచేయుచున్నది.